ఇరవై నాలుగు వంకర పొట్లాలు

వెన్న ఫ్యాక్టరీలో అందరూ ఆయనను నిదానం అని పిలిచేవారు. ఫిట్టరు పని. ఇరవై ఆరేళ్లుగా అదే షెడ్డు, అదే నీలం చొక్కా. యంత్రం ఆగిపోయి అందరూ లబోదిబోమంటుంటే ఆయన ముందు చేతులు కడుక్కునేవాడు, తరవాత కళ్లజోడు తుడుచుకునేవాడు, ఆ పైన చేతులు వెనక్కి కట్టుకుని యంత్రం చుట్టూ ఒకసారి తిరిగేవాడు. రెండో చుట్టు మొదలుపెట్టేలోపు కొన్ని యంత్రాలు భయపడి వాటంతట అవే నడిచేవట. కళ్లారా చూశామని ఒట్టు పెట్టి చెప్పినవాళ్లు కనీసం ముగ్గురున్నారు.

ఆయనకు ఒక అలవాటుండేది. చిన్న స్క్రూలు విప్పి బల్ల మీద పెడితే దొర్లిపోతాయి, జేబులో వేసుకుంటే చొక్కాతోపాటు చాకిరేవుకు పోతాయి. అందుకని నిమ్మకాయంత వెన్నముద్ద తీసి బల్ల అంచుకు అంటించి, విప్పిన స్క్రూలను వరసగా అందులో గుచ్చేవాడు. ఒక్కటీ కదిలేది కాదు. తిరిగి బిగించేటప్పుడు ఆ జిడ్డుకు సులువుగా తిరిగేవి కూడా. ఇంట్లోనూ అంతే. గోడగడియారం విప్పినా, భార్య కుట్టుమిషను విప్పినా, కళ్లజోడు కాడ సరిచేసుకున్నా వంటింట్లోంచి వెన్నడబ్బా రావలసిందే.

"మా ఇంట్లో రొట్టెకు వెన్న రాసే ముందు దువ్వెనతో దువ్వాలమ్మా" అనేది ఆయన భార్య, బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్లతో. ఆ వెంటనే ఆయన వైపు తిరిగి, "లోకంలో యంత్రాలన్నీ బాగుచేస్తారు, నా బాణలి పిడి మాత్రం మూడేళ్లుగా తల ఊపుతూనే ఉంది" అనేది. ఆయన రేపు చూస్తానని చెప్పేవాడు. నిదానం కదా.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పొట్లాలు కట్టే యంత్రం మొరాయించింది. వెన్నను అరకిలో దిమ్మెలుగా కోసే తీగ వదులైంది. నిదానం తీగ చట్రానికున్న నాలుగు స్క్రూలు విప్పి, ముద్దలో గుచ్చి, తీగ బిగించాడు. మూడు స్క్రూలు తిరిగి పెట్టాడు. నాలుగో దానికి చెయ్యి చాపుతుండగా బాయిలరు దగ్గర్నుంచి కేక వినిపించింది. వెళ్లాడు. పావుగంటలో తిరిగొచ్చేసరికి బల్ల తళతళలాడుతోంది. ముద్ద లేదు.

"ఇక్కడ వెన్నముద్ద ఉండాలే?" అన్నాడు.

పొట్లాల దగ్గర పనిచేసే ఆవిణ్ణి అందరూ పొదుపక్క అనేవారు. వేలికి అంటిన వెన్నను కూడా తొట్టి అంచుకు గీరి వేసే మనిషి. "తీసి తొట్టిలో వేశానన్నా. అంత ముద్ద పారేస్తామా ఏంటి? చేతులు కడుక్కునే వేశాలే" అంది.

నిదానం తొట్టిలోకి చూశాడు. అడుగున పెద్ద మర తిరుగుతోంది. పన్నెండు కిలోల వెన్న తెల్లగా, మెల్లగా, లోపలికి దిగిపోతోంది. ఆ స్క్రూ చిటికెనవేలి గోరంత. కొస సూదిలా ఉంటుంది. గొట్టం చివర అయస్కాంతం ఉంది గానీ, అది ఇనుప ముక్కలనే పడుతుంది. ఈ స్క్రూ తుప్పు పట్టని స్టీలు, అయస్కాంతాన్ని లెక్కచెయ్యదు. రొట్టె ముక్కతో పాటు ఎవరి గొంతులోకైనా దిగిందంటే...

అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. నోరు తెరిచాడు కూడా. ఎదుటి గోడ మీద, మేనేజరమ్మ రెండేళ్ల కిందట అద్దం పటం కట్టించి తగిలించిన కాగితం కనబడింది. వెన్న ఉన్నచోట విడిభాగాలు ఉంచరాదు. కింద పద్దెనిమిది సంతకాలు. మొదటి సంతకం నిదానానిదే. సంతకం పెట్టి, పక్కనున్న పనివాళ్లకు పది నిమిషాలు ఉపన్యాసం కూడా ఇచ్చాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు. సంచిలోంచి వేరే స్క్రూ తీసి బిగించి, "తీగ ఇంకా కుదురుకోలేదక్కా. ఈ తొట్టి అయ్యేదాకా వచ్చేవన్నీ వంకర ట్రేలో పడెయ్యి" అన్నాడు.

వంకరగా తెగిన పొట్లాలు బజారుకు వెళ్లవు, పనివాళ్లే ఇళ్లకు తీసుకెళతారు. అది అక్కడి పద్ధతి. ఆ రోజు ఇరవై నాలుగు వచ్చాయి. ఇరవై నాలుగూ నిదానం తన సంచుల్లో సర్దుకున్నాడు.

"పెళ్లి విందా అన్నా?" అంది పొదుపక్క.

"మా ఆవిడ అడిగింది" అన్నాడు. ఆయన ఆవిడ అడిగింది బాణలి పిడి మాత్రమే.

ఇరవై ఐదో పొట్లం నుంచి మిగిలినవన్నీ చలిగదిలోకి వెళ్లాయి. సోమవారం ఉదయం ఎనిమిదింటికి లారీ వస్తుంది. స్క్రూ ఈ ఇరవై నాలుగింటిలోనే ఉండాలి. లేకపోతే లారీ ఎక్కుతుంది. సైకిలు మీద ఇంటికి వెళుతూ దారి పొడవునా ఆయన ఇదే లెక్క చేసుకున్నాడు. రొట్టెల దుకాణం ముందు ఒకావిడ పిల్లవాడి చేతిలో ఏదో తినేది పెట్టడం చూసి సైకిలు దిగి నడిచాడు.

ఆయన స్నానం చేసి వచ్చేసరికి భార్య వంటింటి బల్ల ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏవండీ, దుకాణం పెడుతున్నామా? ఫ్రిజ్‌లో పాలకు కూడా చోటు లేదు."

"ఊరికే ఇచ్చారు. మొత్తం కరిగించేద్దాం" అన్నాడు.

"మొత్తమా? మతి ఉండే అంటున్నారా? వెన్నను వెన్నలా వాడుకునే దారులు వంద ఉన్నాయి. మీరు స్పానరు పట్టుకోండి, గరిటె నాకు వదిలెయ్యండి."

ఆ రాత్రి తెల్లవారుజాము దాకా నిదానానికి కునుకు పట్టలేదు. పొద్దున్నే లేచి వంటింట్లోకి వెళ్లేసరికి భార్య అప్పటికే ఒక పళ్లెం నిండా బిస్కెట్లు చేసి చల్లారబెట్టింది. ఒక కప్పు పంచదార, రెండు కప్పుల వెన్న, మూడు కప్పుల పిండి, అంతే.

"ఏ వెన్న వేశావు?" ఆయన గొంతు కీచుగా వచ్చింది.

"నిన్న ఒకటి విప్పి డబ్బాలో పెట్టానుగా, అదే. అయిపోయింది."

పళ్లెంలో ఇరవై రెండు బిస్కెట్లున్నాయి. నిదానం పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కటే ముందు పళ్లతో కొరికి, నాలుకతో తడిమి, మెల్లగా నమిలి మింగాడు. తొమ్మిదో దాంట్లో కరకరమంది. చేతిలోకి ఉమ్మి చూసుకుంటే పంచదార పలుకు. పన్నెండో దానికి కళ్లవెంట నీళ్లొచ్చాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య మనసు కరిగిపోయింది.

"ముప్పై ఏళ్లలో నా చేతి వంట ఇంత ఇదిగా తినడం ఇదే మొదలు" అంది. "మా అక్కకు నాలుగు ఉంచండి."

"ఎవ్వరికీ పెట్టను" అన్నాడు నిదానం. ఇరవై రెండూ తినేశాడు. స్క్రూ లేదు.

ఆ తరవాత రోజంతా వంటింట్లోనే ఉన్నాడు. గిటారు తీగ లాంటి సన్నని తీగను రెండు చెక్కముక్కలకు కట్టి, ప్రతి దిమ్మెనూ కాగితమంత పలచగా కోశాడు. కోసిన ప్రతి పొరనూ కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. చూసేసిన వెన్న కొండలా పెరుగుతుంటే, దాన్ని భార్య ఏం చేసినా అడ్డుపడలేదు. ఆవిడకు మాత్రం పండగైపోయింది.

నాలుగు దిమ్మెలను సన్నని సెగ మీద కరిగించింది. చిటపటలు ఆగేదాకా ఉంచి, అడుగున చేరిన తెల్లని పాలమడ్డి గోధుమరంగుకు తిరుగుతుండగా దించి, పలచని గుడ్డలో వడగట్టి సీసాలకెత్తింది. "నీరు పోయిందంటే నెలల తరబడి బయటే ఉంటుంది" అంది. గుడ్డలో మిగిలిన మడ్డిని నిదానం వేళ్లతో పిసికి పిసికి చూశాడు. ఏమీ లేదు. మూడు దిమ్మెల్లో దంచిన వెల్లుల్లి, తరిగిన కొత్తిమీర, ఉప్పు కలిపి, కాగితంలో కొవ్వొత్తుల్లా చుట్టి గడ్డకట్టించింది. "కావలసినప్పుడు ఒక బిళ్ల కోసి ఉడికించిన కూర మీద వేస్తే చాలు." రెండు కిలోల ఉల్లిపాయలను వెన్నలో ఓపిగ్గా గంటన్నర వేయించి, ఐసు గడ్డలు పోసే ట్రేలో నింపింది. ఎండిన రొట్టెను పొడిచేసి వెన్నలో దోరగా వేపి డబ్బాకెత్తింది. ఉడికించిన బంగాళదుంపల మీద ఎర్రగా కాగిన వెన్న పొయ్యమని బాణలి ఆయన చేతికే ఇచ్చింది. ఆయన వంచి పోస్తుంటే బాణలి నిలకడగా ఉండి, వెన్న ఒక్క బొట్టు కూడా పక్కన పడలేదు. అంత భయంలో ఆయనకు ఆ సంగతి తోచలేదు.

"ఏంటండీ ఆ చూపు? వెన్నలో బంగారం ఉందా?" అని రెండుసార్లు అడిగింది భార్య.

చెబుదామనుకున్నాడు. చెబితే అది నిజమైపోతుంది. చెప్పనంతసేపూ ఆ స్క్రూ బల్ల కింద ఎక్కడో దొర్లి ఉండవచ్చు కూడా. పైగా ఒక చిత్రం జరుగుతోంది. వెతికిన కొద్దీ ధైర్యం రావాలి కదా? ఆయనకు ప్రతి దిమ్మె దగ్గరా భయం రెట్టింపవుతోంది. ఇక్కడ లేని ప్రతిసారీ అది లారీకి ఒక అడుగు దగ్గరైనట్టే. శనివారం సాయంత్రానికి పదమూడు దిమ్మెలు అయ్యాయి. తీగ రాసుకుని వేళ్లు తెగాయి. కళ్లు మూసుకుంటే బడి మెట్ల మీద కూర్చుని రొట్టె తింటున్న పిల్లలు వరసగా కనబడ్డారు. అందరూ ఒక్కసారే నమలడం ఆపి ఆయన వైపు చూశారు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఫ్రిజ్‌లో ఆఖరి దిమ్మె కోశాడు. వెలుగుకు పట్టాడు. తెల్లగా ఉంది. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. కోసినవి ఇరవై ఒకటి. బిస్కెట్లలోది ఒకటి. ఇరవై రెండు.

"ఇంకో రెండేవి?" అని అరిచాడు.

పక్క గదిలో కుట్టుమిషను ఆగింది. "అమ్మాయికి ఇచ్చానండీ, శుక్రవారమే. మీరు స్నానానికి వెళ్లినప్పుడు వచ్చి పట్టుకెళ్లింది. బుజ్జిదానికి ఈ మధ్య వెన్న రాసిన రొట్టె తప్ప ఇంకేదీ దిగట్లేదట. ఎందుకలా చూస్తున్నారు? ఏమైంది? ఏవండీ!"

నిదానం అప్పటికే వీధిలో ఉన్నాడు. ఆయన పరుగెత్తడం ఎవరూ ఎరగరు. మంగలి షాపులో సబ్బు నురగతో కూర్చున్నవాళ్లు సగం గడ్డాలతో బయటికొచ్చి చూశారట. కాళ్లకు చెప్పులు కూడా లేవు. కూతురి ఇల్లు రెండు వీధుల అవతల, మేడ మీద. మెట్లెక్కుతుంటే పైనుంచి దగ్గు వినిపించింది. చిన్న దగ్గు, పసిపిల్ల దగ్గు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. ఏడాదిన్నర మనవరాలు నేల మీద కూర్చుని ఉంది. బుగ్గకు వెన్న. చేతిలో రొట్టె. నిదానం మోకాళ్ల మీద కూలబడి పిల్ల నోట్లో వేలు పెట్టాడు. బుజ్జిది వేలు పట్టుకుని కసుక్కున కొరికి, ఆపైన ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది.

"నాన్నా! ఏం చేస్తున్నావు దాన్ని?" కూతురు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఎప్పట్నుంచి దగ్గుతోంది?"

"పొద్దున్నుంచి. జలుబు. ఏంటి నాన్నా, ముఖం అలా ఉందేంటి?"

"మొన్న అమ్మ ఇచ్చిన వెన్న ఎంత తినిపించావు?"

"ఒక పొట్లం ఇంట్లో అందరం తిని అయిపోవచ్చింది. రెండోది అలాగే ఉంది. చెప్పవేంటి?"

నిదానం చెప్పాడు. మూడు రోజులు గొంతులో అడ్డం పడిన మాట నాలుగు ముక్కల్లో బయటికొచ్చింది. అందులో స్క్రూ ఉందమ్మా. నేనే పెట్టాను. ఇంతవరకు దొరకలేదు. ఎవ్వరికీ చెప్పలేదు.

కూతురు పిల్లను ఎత్తుకుని గుండెకు అదుముకుంది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. తిడితే బాగుండునని అనిపించింది ఆయనకు. ఆమె పిల్లతోనే వంటింట్లోకి వెళ్లి మిగిలిన పొట్లం, వాడిన పొట్లం అడుగూ గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది. ఇద్దరూ వంగి చూస్తూ నిలబడ్డారు. వెన్న పసుపుపచ్చగా, అద్దంలా కరిగింది. గిన్నె అడుగు కనబడింది. ఖాళీ.

"ఆసుపత్రికి పోదాం. ఎక్స్‌రే తీయిద్దాం" అంది కూతురు. "ఇందులో లేదంటే... దీని కడుపులో ఉండాలి. లేకపోతే..."

"లేకపోతే చలిగదిలో ఉండాలి" అన్నాడు నిదానం. "నువ్వు పిల్లను తయారుచెయ్యి. ఒక్క ఫోను చేసి వస్తాను."

జేబులోంచి ఫోను తీశాడు. వెన్న అంటిన వేళ్లకు అది రెండుసార్లు జారింది. అటువైపు మేనేజరమ్మ ఎత్తింది.

"మేడం, నేను నిదానాన్ని. రేపటి లారీ ఆపండి."

"ఏమైంది?"

"శుక్రవారం సరుకులో స్టీలు స్క్రూ పడింది. వెన్నముద్దలో గుచ్చాను మేడం. సంతకం పెట్టి కూడా గుచ్చాను. ఇరవై నాలుగు పొట్లాలు ఇంటికి తెచ్చి వెతికాను, కనబడలేదు. ఒక పొట్లంలోది మా మనవరాలు తింది. మిగతా సరుకు బయటికి పంపకండి మేడం. మీకు దణ్ణం పెడతాను."

"ముందు పాపను ఆసుపత్రికి తీసుకెళ్లండి" అంది మేనేజరమ్మ. "లారీ కదలదు. రేపు ఏడింటికి నా గదికి రండి."

ఫోను జేబులో పెట్టుకుంటుంటే మెట్ల మీద ఆయాసపడుతున్న అడుగులు వినిపించాయి. భార్య. ఒక చేతిలో ఆయన చెప్పులు, ఇంకో చేతిలో బంగాళదుంపల బాణలి.

"ఉన్నపళంగా పరుగెత్తితే ఏమనుకోవాలి? అల్లుడికేమైనా అయిందేమోనని చచ్చాను. వస్తూ వస్తూ వట్టి చేతులెందుకని ఇది పట్టుకొచ్చాను. ఏమే, ఎందుకు ఏడుస్తున్నావు?"

"అమ్మా, వెన్నలో స్క్రూ ఉందట" అంది కూతురు.

"ఉంటే? తీసేశాగా" అంది ఆవిడ.

తండ్రీ కూతుళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు.

"ఎప్పుడు?" అన్నాడు నిదానం. ఆ మాట ఆయన నోట్లోంచి కాక నేలలోంచి వచ్చినట్టుంది.

"శనివారం పొద్దున్న, బిస్కెట్లకు వెన్న పిసుకుతుంటే వేలికి గుచ్చుకుంది. ఎప్పట్లాగే కళ్లజోడో గడియారమో విప్పి డబ్బాలో గుచ్చి మరిచిపోయారనుకున్నా. మన ఇంట్లో వెన్నలో స్క్రూ దొరకడం కొత్తా? కడిగి చూస్తే సరిగ్గా సరిపోయింది."

"దేనికి సరిపోయింది?"

ఆవిడ బాణలి పిడి పట్టుకుని ఆయన ముఖం ముందు అటూ ఇటూ ఊపింది. పిడి ఊగలేదు. పిడి మొదట్లో, మూడేళ్లుగా ఖాళీగా ఉన్న కన్నంలో, చిటికెనవేలి గోరంత స్టీలు తల తళుక్కుమంది.

"రెండు రోజుల్నుంచి దీంతోనే కదండీ వెన్న కాచింది! మీరే దుంపల మీద పోశారు. ఒక్క మాటైనా అంటారేమోనని చూశా. అబ్బే. చేసుకున్నదాన్ని నేనే, మెచ్చుకోవలసిందీ నేనే."

కూతురు పిల్లను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నిదానం గోడకు ఆనుకుని మెల్లగా జారి ఆమె పక్కన కూర్చున్నాడు. బుజ్జిది కోపం మరిచిపోయి, ఆయన నోట్లో తన వేలు పెట్టి చూసింది.

మేనేజరమ్మకు ఫోను చేసి దొరికిందని చెప్పాడు. అయినా సోమవారం రమ్మన్న టైముకు రమ్మనే అంది.

ఏడింటికి ఐదు నిమిషాలుండగా నిదానం బాణలిని సంచిలో పెట్టుకుని ఆమె గది ముందు నిలబడ్డాడు. శుక్రవారంకన్నా ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే ఈసారి వెతకడానికి ఏమీ లేదు. మేనేజరమ్మ బల్ల మీద తీగ చట్రం ఉంది, మూడు పాత స్క్రూలతో. నాలుగో కన్నంలోంచి ఆయన పెట్టిన కొత్తది తీసేసి పక్కన పెట్టారు. గోడమీది కాగితం కూడా అద్దంతో సహా బల్ల మీదికి వచ్చింది.

"విప్పండి" అంది ఆమె. "ఇందులో బిగించి చూపించండి. అది ఇదేనని నాకు తెలియాలి. తెలిశాక లారీ సంగతి చూద్దాం. మీ సంగతి తరవాత."

నిదానం సంచిలోంచి బాణలి తీశాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. స్క్రూడ్రైవరు ఆనించి తిప్పాడు. నాలుగు చుట్లకు స్క్రూ వదులై, తళుక్కున బయటికొచ్చింది. కుడిచేత్తో దాన్ని పట్టుకున్నాడు. ఎడమచెయ్యి, ఇరవై ఆరేళ్ల అలవాటు కొద్దీ, తనంతట తానే బల్ల అంచు మీద దేనికోసమో తడుముకుంది.

మేనేజరమ్మ ఆ చేతినే చూస్తోంది.

నిదానం కూడా చూశాడు. అది ఎవరిదో చెయ్యిలా అనిపించింది. మెల్లగా దాన్ని వెనక్కి తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, పిడికిలి బిగించాడు. కుడిచేతి రెండు వేళ్ల మధ్య ఉన్న స్క్రూను ఎక్కడా దించకుండా నాలుగో కన్నం దాకా తీసుకెళ్లాడు.